క్యాన్ నీళ్లా, కుళాయి నీళ్లా? తిరుపతివాళ్లు కాస్త చెప్పండి

ఈమధ్యే తిరుపతిలో అద్దెకు దిగామండి. పదకొండు నెలల పాప ఉంది. 20 లీటర్ల క్యాన్ వేయించుకుంటున్నాం. మొన్న ఖాళీ క్యాన్ వంచి చూస్తే అడుగున పచ్చగా పాచి, వేలు పెడితే జారుతోంది. పైన సీలు మాత్రం భేషుగ్గా ఉండింది!

మీటరు పెడితే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) క్యాన్‌లో 38, కుళాయిలో 310. 500 లోపు అయితే ఫరవాలేదట. కానీ ఆ మీటరు క్రిముల్ని చూపించదు కదా, అదే టెన్షన్. కుళాయిలో వచ్చేది తెలుగుగంగ నీళ్లే, కాచి వడగట్టి రాగిబిందెలో పోస్తే చాలని అత్తమ్మ అంటోంది. మావారేమో గోడకి ఆర్వో ఫిల్టరు పెట్టిద్దామంటారు. గోడకు మేకు కూడా కొట్టనివ్వని ఓనరు మాకు!

పాపకి కాచిన కుళాయి నీళ్లు పట్టొచ్చా? నీళ్లు పరీక్ష చేయించాలంటే ఇక్కడ ఎక్కడికి తీసుకెళ్లాలి, ఎంతవుతుంది? మీ ఇళ్లల్లో ఏం తాగుతున్నారు?