అప్‌డేట్: మీటింగ్ ముందు లెక్కలివ్వని లీడర్ల సంగతి

కోనసీమలో మా గ్రామ సమాఖ్య, అంటే ఊళ్లోని మహిళా పొదుపు సంఘాలన్నీ కలిసిన సంస్థ, లెక్కలు నేనే రాస్తాను. సంఘాల లీడర్లు పొదుపు, అప్పు వాయిదాల వివరాలు ముందుగా ఇవ్వరు, నెలవారీ మీటింగంతా పుస్తకాలు తిరగేయడంతోనే సరిపోతోంది, ఏం చేయమంటారు అని ఆమధ్య అడిగాను. జరిమానా వేయమన్నవాళ్లే ఎక్కువ. వేయలేదండి. ఆ డబ్బు లీడర్ చేతి నుంచి రాదు, చివరికి సభ్యుల మీదే పడుతుంది.

అధ్యక్షురాలి చేత తీర్మానం పెట్టించాం. మీటింగుకు రెండు రోజుల ముందు వివరాలు అందని సంఘం కొత్త అప్పు దరఖాస్తు ఆ నెల చర్చకు రాదు. ఎందుకు రాలేదో లీడరే తన సభ్యులకు చెప్పుకోవాలి. సంఘాలు పాటించాల్సిన ఐదు నియమాల్లో, అదే పంచసూత్రాల్లో, పుస్తకాల నిర్వహణ ఎప్పటినుంచో ఉన్నదే కాబట్టి ఎవరూ గట్టిగా కాదనలేకపోయారు.

మొదటి నెలే ఒక పెద్దావిడ సంఘం అప్పు ఆగింది. "ఏంటమ్మాయ్, నాకే రూల్సా?" అని నా మీదకొచ్చారు. అధ్యక్షురాలు కలగజేసుకుని "రూలు అందరిదీ వదినా, పై నెల చూద్దాం" అన్నారు. ఆ మాట నేనంటే రభసయ్యేది. తర్వాతి నెల ఆవిడ పుస్తకమే అందరికంటే ముందొచ్చింది!

గోదావరి మధ్య లంకల్లో ఉన్న సంఘాలకు మాత్రం ఒక వెసులుబాటు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరి మొదటి హెచ్చరిక ఇచ్చాక ఏరు దాటి రమ్మనలేం. అప్పుడు పేజీ ఫొటో వాట్సాప్‌లో పెడితే చాలు. ఎండాకాలంలోనూ ఫొటోలే పంపుతామనే లీడర్లు ఇద్దరున్నారు, అదీ మసకమసగ్గా. వాళ్ల సంగతి ఇంకా తేలలేదు.