స్కూలు బస్సు వార్త ఆగింది, ఆ స్కూలు యాడ్ బకాయి నన్నే వసూలు చేయమంటున్నారు. ఏం చేయాలి?

లైన్‌ఎకౌంటు (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది గోదావరి జిల్లాల్లో ఓ మండలం. ఒక దినపత్రికకి కంట్రిబ్యూటర్‌ని, అంటే జీతం లేని మండల విలేకరిని. పత్రిక పేరు చెప్పను. చెప్పినా పెద్ద తేడా ఉండదు, పక్క పేపర్ల మిత్రుల కష్టాలూ ఇవే.

మా దగ్గర ఓ ప్రైవేటు స్కూలు బస్సు కాలవ గట్టు మీద ఒరిగిపోయింది. దేవుడి దయవల్ల పిల్లలకి చిన్న గీతలు తప్ప ఏం కాలేదు. వెళ్లి చూస్తే ముందు టైర్లు రెండూ అరిగి నున్నగా ఉన్నాయి. బండి నంబరు రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్‌లో కొడితే ఫిట్‌నెస్ గడువు దాటిపోయి ఉంది. స్క్రీన్‌షాట్, ఫొటోలు, ఇద్దరు తల్లిదండ్రుల మాటలు కలిపి సాయంత్రం అయిదులోపే పంపాను. మర్నాడు పేజీ తెరిస్తే మా ఊరి డేట్‌లైన్‌తో అన్నసమారాధన వార్త ఉంది, బస్సు లేదు.

డెస్క్‌కి ఫోన్ చేస్తే "చూస్తున్నాం" అన్నారు. తర్వాత యాడ్స్ విభాగం నుంచి ఫోను. "వాళ్లు పదో తరగతి ఫలితాలప్పుడు ఫుల్ పేజీ ఇస్తారు, నీకు తెలుసుగా. ఈ ఏడాది యాడ్ డబ్బులు ఇంకా రాలేదు. నువ్వే వెళ్లి చెక్కు పట్రా." ఎవరి మీద వార్త రాశానో వాళ్ల గేటు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడాలన్నమాట.

ఈలోగా ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవడో నేను తీసిన ఫొటోనే పెట్టి "ముగ్గురు చిన్నారుల మృతి" అని రాసేశాడు. తల్లులు ఏడ్చుకుంటూ స్కూలుకి పరిగెత్తారు. పేపర్లో నాలుగు ముక్కలు పడి ఉంటే ఈ పుకారు నిలిచేది కాదు.

ఈ వార్త నా సొంత యూట్యూబ్ చానల్లో పెట్టుకోవచ్చా? ఆగస్టు 15కి యాడ్స్ టార్గెట్ కూడా అప్పుడే వచ్చేసింది. రాసే చేత్తోనే యాడ్లు అడగడం మానేసి ఈ పనిలో బతికినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పాతసబ్ఎడిటరు

తమ్ముడూ, జిల్లా డెస్కులో చేసి రిటైరయ్యాను. నీ వార్త ఎక్కడ ఆగిందో ఆ బల్ల దగ్గర చాలాకాలం కూర్చున్నవాణ్ణి.

నీ పేరు చూసి నవ్వొచ్చింది. లైన్ ఎకౌంటు అంటే ఇక్కడ చాలామందికి తెలిసుండదు. నెలాఖరుకి కంట్రిబ్యూటరు తన వార్తలన్నీ కత్తిరించి, తెల్లకాగితాల మీద అతికించి, స్కేలు పెట్టి కొలిచి, ఇన్ని సెంటీమీటర్లని కింద రాసి పంపేవాడు. ఆ కొలతకే డబ్బు. ఎంత తిరిగాడో, ఎంత రాశాడో లెక్కలోకి రాదు, అచ్చయిందే లెక్క. నేను పన్నెండు సెంటీమీటర్ల వార్తని నాలుగుకి కోస్తే అక్కడ వాడి ఇంట్లో సరుకులకి కోత పడేది. అన్నసమారాధన వార్తలో వడ్డించినవాళ్ల పేర్లన్నీ ఎందుకు రాస్తారనుకున్నారు? కొలత పెరుగుతుంది, ఆ పేర్లున్నవాళ్లు తలా ఒక కాపీ కొంటారు, సర్క్యులేషన్ వాళ్లకీ సంతోషం.

ఈ ఏర్పాటు పుట్టడం మంచికే పుట్టింది. 1974 ఆగస్టులో విశాఖలో ఈనాడు మొదలైనప్పటి నుంచీ పేపరు పాఠకుడికి దగ్గరగా అచ్చవడం పెరిగింది. 1989లో జిల్లా అనుబంధాలు వచ్చాక బోరింగు పంపు పాడైనా వార్తే అయింది. దానికి మండలానికో మనిషి కావాలి. అంతమందికి జీతాలిచ్చే ఉద్దేశం మాత్రం ఎవరికీ లేదు. 2008లో సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో దిగాక ఒక్కో మండలంలో అరడజను మంది విలేకరులయ్యారు. పత్రికా ఉద్యోగుల జీతాలు తేల్చిన మజీఠియా వేజ్‌బోర్డుని 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది, సంతోషం. కానీ కాగితం మీద నువ్వు ఉద్యోగివి కావు కాబట్టి అది నీ గడప దాకా రాదు. నీకు మిగిలేది ఆ సెంటీమీటర్లు, యాడ్ మీద కమీషను. తిరకాసంతా ఆ కమీషన్లో ఉంది. జనం ఫోన్లో వార్తలు చదవడం వల్లే పత్రికల విలువలు పోయాయంటే నేను ఒప్పుకోను. వార్త తెచ్చేవాడి చేతికి రసీదు పుస్తకం ఇచ్చిన రోజునే పోయాయి, స్మార్ట్‌ఫోన్ తర్వాత వచ్చింది.

2009 ఎన్నికలు గుర్తున్నాయా? అభ్యర్థి దగ్గర ప్యాకేజీ మాట్లాడుకుని వార్తల రూపంలో అచ్చేసిన రోజులు. పశ్చిమ గోదావరిలో జర్నలిస్టుల యూనియనే సర్వే చేసి బయటపెట్టింది. తర్వాత ప్రెస్ కౌన్సిల్ పాత్రికేయులు పరంజోయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాసరెడ్డి ఇద్దరితో ఉపసంఘం వేస్తే వాళ్లు 2010లో పత్రికల పేర్లతో సహా 71 పేజీల నివేదిక ఇచ్చారు. కౌన్సిల్ దాన్ని కుదించి పేర్లు లేని నివేదిక విడుదల చేసింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే గానీ పూర్తి పాఠం 2011లో బయటికి రాలేదు. అదే ఏడాది ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్ మీద ఎన్నికల సంఘం మూడేళ్ల అనర్హత వేటు వేసింది. పెయిడ్ వార్తల ఖర్చు లెక్కల్లో చూపలేదని. వేటు పడింది అభ్యర్థి మీద, అచ్చేసిన పత్రికలు మర్నాడూ మామూలుగానే వచ్చాయి.

యాజమాన్యం కష్టం లేదనను. పేపరు అమ్మే ధర కన్నా అచ్చు ఖర్చు ఎక్కువ, ఆ తేడా యాడ్లే పూడ్చాలి. 2019లో న్యూస్‌ప్రింట్ దిగుమతి మీద 10 శాతం సుంకం పడింది, 2020లో 5కి తగ్గింది, ఊపిరి పీల్చుకునేలోపే కరోనా. యాడ్లు నిలిచిపోయి జిల్లా మినీలు (ఆ అనుబంధాలే) మెయిన్ పేపర్లో కొన్ని పేజీలుగా కలిసిపోయాయి. బంగారం కొట్లు, బట్టల షాపులు, రియల్ ఎస్టేటు, కాలేజీలు, ప్రభుత్వం. వీళ్ల డబ్బుతోనే తెలుగు పేపరు నడుస్తోంది. వీళ్లలో ఎవరి మీదైనా గట్టి వార్త ఈమధ్య చదివారా? ఒకటి ఒకటి, రెండు రెండు అని ర్యాంకులు అరిచే యాడ్ వచ్చిన రోజున అదే కాలేజీ హాస్టల్ సంగతి లోపలి పేజీలో వెతుక్కోండి.

ఇక నీ పని. నీ పోస్టులో ఒకటి లోపించింది. స్కూలు వివరణ ఏదీ? అది లేకుండా పంపితే యాడ్ లేకపోయినా నేను ఆపేసేవాణ్ణి. ముందు వెళ్లి వాళ్ల మాట తీసుకో, ఇవ్వకపోతే ఇవ్వలేదని రాయి. తర్వాత ఎంవీఐని, అంటే రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్‌ని కలువు. బండి సీజ్ చేశారా, కేసు రాశారా అడుగు. అధికారి చర్య తీసుకున్నాక అది అన్ని పేపర్లకీ వార్తే. పక్క పేపర్లో పడితే నీ డెస్కే "ఎందుకు మిస్సయ్యావ్" అని నిన్ను నిలదీస్తుంది. ఆ భయమే నీ బలం. ఈసారి ఫోన్‌లో చెప్పకు, ఎడిషన్ ఇన్‌చార్జికి మెయిల్ పెట్టు, తేదీ ఉంటుంది.

చెక్కు మాత్రం తేవొద్దు. ఆ బకాయి కోసం ఒక్కసారి గేటు దాటావంటే, రేపు ఏం రాసినా "డబ్బులివ్వలేదని రాశాడు" అంటారు.

యూట్యూబ్ సంగతంటావా, పత్రికతో రాసుకున్న కాగితం ముందు చదువు. సొంతంగా పెడితే నోటీసు నీ ఇంటికే వస్తుంది. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయసంహితలో 356వ సెక్షను, రెండేళ్ల దాకా శిక్ష. పత్రిక లాయరు నీ తరఫున రాడు.

కరపత్రం

అన్నా, నేను సిద్దిపేట దిక్కు పేపర్ ఏజెంటును. నాలుగు గొట్టంగ పార్సిల్ దించుకుంటం. సారు చెప్పింది రాసేటోళ్ల ముచ్చట, నేను ఏసేటోళ్ల ముచ్చట చెప్త.

పేపర్ మీద కమీషన్ కన్న, పేపర్ నడుమ పెట్టే కరపత్రాల మీదనే మాకు నాలుగు పైసలు మిగులుతుండె. బట్టల దుకాణం ఓపెనింగు, పండ్ల డాక్టర్ క్యాంపు, స్కూల్ అడ్మిషన్లు. జూన్ వచ్చిందంటే పేపర్ కన్న కరపత్రాలే బరువుండేటివి. ఇప్పుడు ఆ దుకాణపోళ్లు రీల్ చేపిచ్చుకుంటున్నరు. పేపర్ ఏసే పిలగాండ్లు దొర్కుతలేరు, ఆనకాలం నేనే బండి మీద తిరుగుతున్న.

ఇంక ఎవలు ఏపిచ్చుకుంటున్నరంటే చాయ హోటళ్లు, కటింగ్ షాపులు, పింఛన్ సార్లు, గ్రూప్స్‌కు చదివే పోరగాండ్లు. ఒక్క చావు యాడ్ మాత్రం అందరికీ పేపర్లనే గావాలె. దశదినకర్మ నాడు ఫొటో ఏపిస్తరు, ఆ దినం కాపీలు ఎక్కువ తెప్పియ్యమని ముందే చెప్తరు, కట్ చేసి ఫ్రేమ్ కట్టిపిస్తరు. ఫోన్ల ఎంత పెద్ద పోస్టు పెట్టినా దానికి ఫ్రేమ్ కడ్తలేరు.

మిగిలినోళ్లకు పొద్దుగాల్నే పీడీఎఫ్ గ్రూపుల పడ్తది. 2020ల దైనిక్ జాగరణ్ కేసు ఏస్తే, ఈ-పేపర్ పీడీఎఫ్‌లు పెట్టే చానళ్లు తీసెయ్యమని ఢిల్లీ హైకోర్టు టెలిగ్రామ్‌కు చెప్పింది. మా గ్రూపు అడ్మిన్‌కు ఆ తీర్పు ఇంక ముట్టలేదు. ఆయన రిటైర్డ్ హెడ్‌మాస్టరు, ఏం అంటం!

వీధిఅరుగు

పేపర్ కొనేవాళ్లు లేరంటారేంటి, ఆంధ్రాలో ప్రభుత్వమే కొనిపెట్టింది కదా. అందరూ అమ్ముడుపోయినవాళ్లే. ఇందులో చర్చించడానికి ఏముంది?

పాతసబ్ఎడిటరు

వీధిఅరుగు గారూ, మొదటి మాట నిజం. 2022లో గ్రామ, వార్డు వాలంటీర్లకి పేపరు కొనుక్కోవడానికి నెలకి 200 రూపాయలు ఇస్తూ జీవో వచ్చింది. అది సాక్షికి మేలు చేయడానికేనంటూ ఈనాడు ప్రచురించే ఉషోదయ సంస్థ కోర్టుకెక్కింది. 2023లో సుప్రీంకోర్టు ఆ కేసుని ఢిల్లీ హైకోర్టుకి పంపింది. అంటే రెండు పెద్ద పత్రికల సర్క్యులేషన్ తగాదా ఢిల్లీ దాకా వెళ్లింది. ప్రభుత్వం యాడ్ ఇస్తుంది, విలేకరి గుర్తింపుకి అక్రిడిటేషన్ కార్డు ఇస్తుంది, ఇళ్ల స్థలాలు ఇస్తానంటుంది. హైదరాబాదులో జర్నలిస్టుల, ఎమ్మెల్యేల, జడ్జిల సొసైటీలకి ఇచ్చిన స్థలాల ఉత్తర్వులు 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది, చూసే ఉంటారు.

"అందరూ" అన్న రెండో మాటే నాకు నచ్చలేదు. కాలవ గట్టెక్కి టైర్లు తడిమి చూసి, నంబరు కొట్టి చూసినవాడు ఇక్కడే ఉన్నాడు. అతన్నీ ఆ లెక్కలో కలిపేస్తే ఆ స్కూలు వాళ్లకి కావాల్సింది మీరే చేసిపెట్టినట్టు.

లోకల్‌మైకు

బ్రదర్, నేను పేపర్ మానేసి యూట్యూబ్ పెట్టినవాణ్ణి. స్వేచ్ఛ ఉంది, అబద్ధం చెప్పను. డబ్బులే లేవు. వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, 4,000 గంటల వాచ్‌టైమ్ దాటితే యాడ్ ఆదాయం వస్తుందన్నారు, కిందా మీదా పడి దాటాను. మండలం వార్తలు చూసేది మండలం వాళ్లే కదా, వచ్చే డబ్బు రీచార్జికీ పెట్రోలుకీ సరి. అసలు ఆదాయం బిర్యానీ సెంటర్ ఓపెనింగులకి మైకు పట్టుకుని "లొట్టలేయాల్సిందే" అనడంలో ఉంది.

ఎన్నికలప్పుడు మరీ ఘోరం. పేపరైతే కనీసం ప్యాకేజీ మాట్లాడుకోవడానికి ఆఫీసు, మేనేజరు ఉండేవాళ్లు. మా దగ్గరికి వీడియో, స్క్రిప్టు, థంబ్‌నెయిల్ కూడా వాళ్లే చేసి పంపుతారు, మనం అప్‌లోడ్ బటన్ నొక్కడమే. పెద్ద పత్రికల లోగో పెట్టి నకిలీ క్లిప్పింగులు తయారుచేసేవాళ్లూ ఎక్కువయ్యారు. ఆ పత్రికలు "ఇది మాది కాదు" అని వివరణ ఇచ్చుకునేసరికి అది జిల్లా అంతా తిరిగొస్తుంది.

నీ బస్సు వార్త నా చానల్లో పెట్టమంటే పెడతా. కానీ "ఆ బస్సులో ఏం జరిగిందో తెలిస్తే షాక్" అని రాయకపోతే ఎవడూ నొక్కడు, అలా రాస్తే నీ వాట్సాప్ గ్రూపువాడికీ నాకూ తేడా లేదు. సారు చెప్పినట్టు ముందు ఎంవీఐ దగ్గరికెళ్లు.

లైన్‌ఎకౌంటు

అందరికీ థాంక్స్. స్కూలుకి వెళ్లాను, చెక్కు కోసం కాదు. ఆ రోజు రెగ్యులర్ బండి షెడ్‌లో ఉంటే స్పేర్ బస్సు తిప్పామని స్కూలు నడిపే కరస్పాండెంట్ అన్నారు. "స్పేర్ బండికి ఫిట్‌నెస్ అక్కర్లేదాండీ" అంటే కాఫీ తెప్పించారు. ఎంవీఐ బండి సీజ్ చేశామన్నారు. ఆ రెండు మాటలూ పెట్టి ఇన్‌చార్జికి మెయిల్ చేశాను.

ఈరోజు వచ్చింది. ఆరు సెంటీమీటర్లు. "ఓ ప్రైవేటు పాఠశాల బస్సు" అని. స్కూలు పేరు లేదు, ఫొటోలో బస్సు మీద పేరున్న వైపు కోసేశారు. అయినా టీ కొట్టు దగ్గర అందరూ పేరు పెట్టే మాట్లాడుకుంటున్నారు.

ఆగస్టు 15 యాడ్లకి స్కూళ్లు, ఆసుపత్రుల దగ్గరికి నేను వెళ్లనని కూడా మెయిల్లోనే రాశాను. జవాబు రాలేదు. టార్గెట్ లిస్టులో నా పేరు అలాగే ఉంది.

పాతసబ్ఎడిటరు

పేరు ఎందుకు తీశారని అదే మెయిల్ కింద అడుగు, మర్యాదగా ఒక్క వాక్యం చాలు. సీజ్ చేసినప్పుడు రాసిన చెక్ రిపోర్టులో బండి యజమాని పేరుంటుంది. దాని కాపీ సంపాదించి దగ్గర పెట్టుకో. ఆ బస్సు మళ్లీ రోడ్డెక్కిన రోజున నంబరు ఇంకోసారి కొట్టి చూడు.