గడ్డకట్టిన సరస్సు మీద కారులో వెళ్లనివ్వాలా, నడిచే వెళ్లమనాలా?

మియాపూర్_నాన్న
మా అబ్బాయి అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రం మినియాపోలిస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. ఈ శనివారం నలుగురు స్నేహితులతో మిలాక్స్ సరస్సుకు వెళ్తాడట, ఐస్‌లో రంధ్రం చేసి గాలం వేయడానికి. వెళ్లొద్దని అనలేదు. కానీ ఐస్ మీదే మూడు మైళ్లు కారులో పోతామన్నాడు. "అందరూ వెళ్తారు నాన్నా, అక్కడ రోడ్డే ఉంటుంది" అంటాడు. ఆ సరస్సు 500 చదరపు కిలోమీటర్ల పైనే. మన హుస్సేన్‌సాగర్ ఆరు కూడా ఉండదు. నడిచి వెళ్లండి, ఒడ్డుకు దగ్గర్లోనే కూర్చోండి అంటే నవ్వాడు.

2022 డిసెంబర్ 26న అరిజోనాలో వుడ్స్ కాన్యన్ సరస్సు మీద ఐస్ విరిగి ముగ్గురు భారతీయులు చనిపోయారు. వాళ్లలో మన తెలుగువాళ్లున్నారు. ఆ వార్త చూసిన దగ్గర్నుంచి వాళ్లమ్మకు ఐస్ అంటేనే భయం. రెండు రాత్రులుగా నిద్ర లేదు. అక్కడ ఉండి వచ్చినవాళ్లు చెప్పండి, కారా, నడకా?

కొండాపూర్_గాలం
తొమ్మిదేళ్లు అక్కడ ఉండి వచ్చాను సార్. నా మాట కారు. అయితే రిసార్ట్ వాళ్లు చూసుకునే ఐస్ రోడ్డు మీద మాత్రమే. వాళ్లు డబ్బు తీసుకుంటారు, మందం కొలుస్తారు, పగులు వస్తే దారి మారుస్తారు, తేడా అనిపిస్తే రోడ్డు మూసేస్తారు. నడిస్తే భద్రం అనుకోవడమే ప్రమాదం. అరిజోనాలో పోయినవాళ్లు నడుస్తూనే పోయారు. పైగా మైనస్ 20లో, ఎదురుగాలికి, సామాను లాక్కుంటూ మూడు మైళ్లంటే మన పిల్లలకు వేళ్లు మొద్దుబారిపోతాయి. సాయంత్రం గాలికి మంచు లేస్తే పదడుగుల అవతల ఏముందో కనపడదు.

సైనిక్‌పురి_రిటైర్డ్
నేను నడకే అంటాను. లద్దాఖ్‌లో పనిచేశాను. జన్‌స్కార్ నది గడ్డకట్టినప్పుడు అక్కడివాళ్లు చేతికర్రతో ఐస్‌ను కొడుతూ, ఆ చప్పుడు వింటూ నడుస్తారు. నిన్న నడిచిన దారైనా ఇవాళ మళ్లీ కొట్టి చూస్తారు. నది వేరు, సరస్సు వేరు, ఒప్పుకుంటాను. కానీ కారులో అద్దాలు ఎక్కించుకుని పాటలు పెట్టుకున్నవాడికి కింద ఏం చప్పుడవుతోందో ఏం తెలుస్తుంది?

ఇంకొకటి. నడిచేవాడు కోటు కింద లైఫ్ జాకెట్ వేసుకోవచ్చు. కారులో అది వేసుకోకూడదు. నీళ్లు నిండితే అది మనిషిని పైకప్పుకు ఎత్తి పెడుతుంది, కిటికీలోంచి బయటకు రానివ్వదు. ఇది ఒక్కటి చాలదా?

కొండాపూర్_గాలం
లైఫ్ జాకెట్ మాట నిజం సార్. అందుకే ఐస్ మీద కారెక్కితే బెల్టు పెట్టుకోరు, అద్దాలు దించి ఉంచుతారు.

అంకెలు కూడా చెప్తాను. మిన్నెసోటా ప్రభుత్వ సహజవనరుల శాఖ లెక్క ప్రకారం నడవడానికి 4 అంగుళాలు, స్నోమొబైల్‌కు (మంచు మీద నడిపే చిన్న బండి) 5 నుంచి 7, చిన్న కారుకు 9-10, ట్రక్కుకు 13 ఉండాలి. ఇది కొత్తగా కట్టిన, గాజులా తేటగా ఉన్న ఐస్‌కే. మంచు తడిసి గడ్డకట్టిన పాలరంగు ఐస్ అయితే దీనికి రెట్టింపు కావాలి. ఒకచోట 12 వచ్చిందని సరస్సంతా 12 ఉండదు. వాగు కలిసేచోట, ఊట ఉన్నచోట, దట్టంగా మంచు కప్పిన చోట పలచగా ఉంటుంది. మంచు దుప్పటిలా కప్పేస్తే కింద ఐస్ త్వరగా పెరగదు. అందుకే ప్రతి 150 అడుగులకూ మళ్లీ కొలవమంటారు.

నా కళ్లతో చూసింది ఒకటుంది. బోర్లించిన బకెట్ల మీద కూర్చుని గాలాలు వేశాం. ఐస్ 14 అంగుళాలు, మేమే కొలిచాం. పక్కనుంచి ఒక ట్రక్కు కాస్త స్పీడుగా పోయింది. రంధ్రంలో నీళ్లు లేచి, అంచు దాటి, నా బూట్ల దాకా పాకి, మళ్లీ గుడగుడమంటూ లోపలికి దిగిపోయాయి. అప్పటిదాకా నేల మీద కూర్చున్నాననే అనుకున్నాను. ఐస్ బరువుకు వంగుతుంది. బండి వెళ్తుంటే కింద నీళ్లలో అల పుడుతుంది. స్పీడు పెరిగితే ఆ అల ఒడ్డు దగ్గర ఐస్‌ను పగలగొట్టగలదు. అందుకే గంటకు 15 మైళ్లు దాటొద్దంటారు. రెండు బండ్ల మధ్య 50 అడుగులు వదలాలి. ఆపిన బండిని కూడా రెండు గంటలకోసారి పక్కకు జరపాలి, లేదంటే దాని కింద ఐస్ మెల్లగా కుంగుతుంది.

సైనిక్‌పురి_రిటైర్డ్
మీరు రాసిందంతా నా వైపే ఉంది కదండీ! బండి అల నడిచేవాడి కింద పుట్టదు.

బోయిన్‌పల్లి_అక్క
అన్నయ్యగారూ, మా తమ్ముడు ఒహాయోలో టొలీడో దగ్గర ఉంటాడు. మీరిద్దరూ కింద ఐస్ ఎంత మందమో చూస్తున్నారు, పైన గాలి సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. 2009 ఫిబ్రవరి 7న అక్కడే ఈరీ సరస్సు మీద పెద్ద ఐస్ పలక ఒడ్డు నుంచి విడిపోయి కొట్టుకుపోయింది. 134 మందిని రక్షించారు, ఒకాయన చనిపోయారు. ముందే ఉన్న పగులు మీద చెక్కలు వేసుకుని అవతలికి దాటినవాళ్లున్నారు. గాలి తిరిగాక ఆ చెక్కలు ఎందుకూ పనికిరాలేదు. 2023 డిసెంబర్ చివర మిన్నెసోటాలోనే అప్పర్ రెడ్ లేక్ మీద వందమందికి పైగా ఇలాగే చిక్కుకున్నారు. నడిచినా, కారులో వెళ్లినా, పలక విడిపోతే ఇద్దరిదీ ఒకటే గతి. పిల్లాణ్ణి గాలి ఎటునుంచి వీస్తుందో, ఎంత వేగమో చూసుకోమనండి. ఐస్ రెండు పలకలు ఒత్తుకుని గట్టులా లేచిన చోటు కనిపిస్తే దాని అవతలికి పోవద్దనండి.

మియాపూర్_నాన్న
అందరికీ థాంక్స్. ఇక్కడ పొద్దున ఏడింటికి ఫోన్ చేశాను, వాడికి ముందురోజు సాయంత్రం ఏడున్నర. మీరు రాసినవన్నీ చదివి వినిపించాను. రిసార్ట్ వాళ్లకు ఫోన్ చేసి మందం, పగుళ్లు, గాలి అడుగుతానన్నాడు. చిన్నప్పుడు స్కూటర్ మీద హెల్మెట్ లేకుండా కూర్చోనివ్వలేదు, కారులో బెల్టు పెట్టుకోకపోతే బండి కదిలించేవాణ్ణి కాదు. ఇవాళ నా నోటితో నేనే "బెల్టు తీసెయ్యి నాన్నా" అని చెప్పాను. వాళ్లమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఒకవేళ నీళ్లలో పడితే ఎంతసేపు ఉంటుంది టైమ్?

కొండాపూర్_గాలం
ఒకటి, పది, ఒకటి అని గుర్తుపెట్టుకోమనండి సార్. చన్నీళ్ల మీద పరిశోధనలు చేసిన మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పిన లెక్క అది. మొదటి నిమిషం ఊపిరి ఎగబీలుస్తుంది, కంగారుపడకుండా దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి. తర్వాత పది నిమిషాలు చేతులు కాళ్లు మాట వింటాయి. స్పృహ తప్పడానికి గంట దాకా పడుతుంది. కాబట్టి ఆ పది నిమిషాలే ముఖ్యం. వచ్చిన వైపుకే తిరగాలి, ఎందుకంటే ఇంతదాకా తనను మోసిన ఐస్ అటే ఉంది. మోచేతులు దాని మీద చాచి, కాళ్లతో ఈత కొట్టినట్టు తన్నాలి. పైకి రాగానే లేచి నిలబడకూడదు, పడుకునే దొర్లుకుంటూ దూరం రావాలి.

ఐస్ పిక్స్ అని అమ్ముతారు. రెండు పిడులు, వాటికి మేకులు, మధ్యలో తాడు. తడి ఐస్ మీద ఉత్త చేతులు జారిపోతాయి, ఆ మేకులు దిగి పట్టిస్తాయి. బ్యాగులో కాదు, కోటు పైన మెడలో వేసుకోవాలి.

సైనిక్‌పురి_రిటైర్డ్
సార్, మీ అబ్బాయి కారులోనే వెళ్తాడని అర్థమైంది. నా ఓటు మారలేదు. ఒక్కటి అడుగుతాను. కారు ఆపిన చోటు నుంచి గాలం వేసే చోటుకు ఎలాగూ నడుస్తారు కదా. అక్కడ ఒకరి వెనక ఒకరు ఎడంగా నడవమనండి. ముందు నడిచేవాడి చేతిలో మన గడ్డపార లాంటిది ఉండాలి, స్పడ్ బార్ అంటారు. అడుగు ముందు గట్టిగా ఒక్క పోటు పొడవాలి. నీళ్లు చిమ్మితే వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రమ్మనండి.

మియాపూర్_నాన్న
గడ్డపార వాడికి తెలుసు. మా ఊళ్లో కొబ్బరి మొక్క గుంట వాడితోనే తవ్వించాను. ఇప్పుడే మెసేజ్ పెడుతున్నాను.