విండోస్‌లో వీఎస్ కోడ్‌కు రస్ట్ ఎక్స్‌టెన్షన్ వేసినా సూచనలు రావడం లేదు

ప్రశ్న:
నమస్కారం. ఇంతవరకు పైథాన్‌తో పని చేసి ఇప్పుడు రస్ట్ భాష నేర్చుకుంటున్నాను. విండోస్ 11లో వీఎస్ కోడ్ ఎడిటర్ తెరిచి రస్ట్-అనలైజర్ ఎక్స్‌టెన్షన్‌ను ఇన్‌స్టాల్ చేశాను. అక్షరాలకు రంగులు వస్తున్నాయి గాని, చుక్క పెట్టగానే రావలసిన మెథడ్ల జాబితా రావడం లేదు, తప్పుల కింద ఎర్ర గీత కూడా పడటం లేదు. ‘ఫెయిల్డ్ టు డిస్కవర్ వర్క్‌స్పేస్’ అనే సందేశం మాత్రం కనిపిస్తోంది. నా ఫైళ్లు ‘కోడ్’ అనే ఫోల్డర్‌లోని ‘రస్ట్’ ఫోల్డర్‌లో, ఒక్కో అభ్యాసానికి ఒక్కో ఫోల్డర్ చొప్పున ఉన్నాయి. ఎడిటర్‌లో తెరిచినది ‘కోడ్’ ఫోల్డర్‌ను. ఎక్స్‌టెన్షన్‌ను తీసేసి మళ్లీ వేసినా ఫలితం లేదు. విడిగా ఇంకేమైనా వేసుకోవాలా?

మొదటి సమాధానం:
రంగులు వస్తున్నాయి కాబట్టి ఎక్స్‌టెన్షన్ పని చేస్తోందని అనుకోకండి. రస్ట్ వ్యాకరణం వీఎస్ కోడ్‌లో ముందే ఉంటుంది, ఏ ఎక్స్‌టెన్షన్ లేకపోయినా రంగులు వస్తాయి. సూచనలు ఇచ్చేది వెనుక నడిచే లాంగ్వేజ్ సర్వర్. దానికి కంపైలర్, కార్గో (రస్ట్ ప్రాజెక్టులను బిల్డ్ చేసి నడిపే సాధనం) రెండూ మీ కంప్యూటర్‌లో ఉండాలి, ఎక్స్‌టెన్షన్ వాటిని తెచ్చిపెట్టదు. టెర్మినల్‌లో ‘కార్గో --వెర్షన్’ అని కొట్టి చూడండి. ఆ కమాండ్ దొరకడం లేదంటే రస్టప్ (రస్ట్ సాధనాలను తెచ్చిపెట్టే ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ చేసి, వీఎస్ కోడ్ విండోలన్నీ మూసి మళ్లీ తెరవండి; ముందునుంచీ తెరిచి ఉన్న ఎడిటర్‌కు కొత్త పాత్ (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) తెలియదు. ప్రామాణిక లైబ్రరీ గురించిన సూచనల కోసం ‘రస్ట్-ఎస్ఆర్‌సీ’ కాంపొనెంట్‌ను (ఆ లైబ్రరీ సోర్స్ కోడ్) కూడా రస్టప్‌తోనే చేర్చుకోండి. పాత ‘రస్ట్’ ఎక్స్‌టెన్షన్ కూడా ఉంటే తీసేయండి. దాని వెనుక ఉన్న ఆర్ఎల్ఎస్ అనే పాత లాంగ్వేజ్ సర్వర్‌ను 2022లోనే విరమించారు.

రెండవ సమాధానం:
పై సమాధానం సరైనదే గాని, మీరు చెప్పిన సందేశానికి అసలు కారణం ఫోల్డర్ల అమరిక అని నా అభిప్రాయం. సర్వర్ మీరు తెరిచిన ఫోల్డర్‌లోనూ, దాని పై ఫోల్డర్లలోనూ, లోపల ఒక్క మెట్టు దిగిన ఫోల్డర్లలోనూ ‘కార్గో.టామ్ల్’ (ప్రాజెక్టు వివరాలుండే ఫైలు) కోసం వెతుకుతుంది. మీ ప్రాజెక్టులు రెండు మెట్ల కింద ఉన్నాయి కాబట్టి వాటిని చేరుకోలేదు. ‘కోడ్’కు బదులు ఒక అభ్యాసం ఫోల్డర్‌నే తెరవడం సులువైన దారి. అన్నీ ఒకే విండోలో కావాలంటే ‘రస్ట్’ ఫోల్డర్‌లో ఒక ‘కార్గో.టామ్ల్’ పెట్టి, వర్క్‌స్పేస్ (కలిపి చూసే ప్రాజెక్టుల సమూహం) విభాగం కింద సభ్యులుగా ఆ ఫోల్డర్ల పేర్లు రాయండి. అప్పుడు బిల్డ్ ఫలితాలు చేరే ‘టార్గెట్’ ఫోల్డర్ అన్నింటికీ ఒకటే అవుతుంది, డిస్క్ కూడా మిగులుతుంది. ఫోల్డర్‌ను నమ్ముతున్నారా అని ఎడిటర్ అడిగినప్పుడు కాదంటే సర్వర్ మొదలే కాదు. మీరు రాసుకున్న కోడే కాబట్టి ఒప్పుకోవచ్చు. ఇతరుల ప్రాజెక్టు విషయంలో మాత్రం ఆలోచించండి, ఎందుకంటే ప్రాజెక్టును తెరవగానే అందులోని బిల్డ్ స్క్రిప్టులు (కంపైల్‌కు ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్‌లు) నడుస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. కార్గో ముందే ఉంది. వర్క్‌స్పేస్ ఫైలు పెట్టగానే సూచనలు వచ్చాయి. అయితే ‘కార్గో రన్’ కొడితే ‘లింకర్ లింక్.ఎక్స్ఈ నాట్ ఫౌండ్’ అంటోంది. ఎడిటర్‌లో తప్పేమీ చూపకుండా ఇక్కడ మాత్రం ఆగిపోవడమేమిటి?

రెండవ సమాధానం ఇచ్చినవారు:
ఫైలు సేవ్ చేసినప్పుడు ఎడిటర్ నడిపేది ‘కార్గో చెక్’. అది మీ కోడ్‌ను పరిశీలించి ఆగుతుంది, ఎగ్జిక్యూటబుల్ తయారు చేయదు కాబట్టి మామూలు అభ్యాసాలకు లింకర్ (కంపైల్ అయిన ముక్కలను కలిపి ఎగ్జిక్యూటబుల్ చేసే సాధనం) అవసరమే పడదు. ‘కార్గో రన్’కు అది తప్పనిసరి. విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్ ఇన్‌స్టాలర్‌లో ‘డెస్క్‌టాప్ డెవలప్‌మెంట్ విత్ సీ++’ ఎంచుకుంటే వస్తుంది. డౌన్‌లోడ్ కొన్ని జీబీలు ఉంటుంది కాబట్టి మొబైల్ డేటా మీద మొదలుపెట్టకండి. పూర్తయ్యాక కొత్త టెర్మినల్ తెరిచి మళ్లీ కొట్టండి.