పిక్క పట్టేసింది, రెండు వారాల్లో స్ప్రింట్ ట్రయాథ్లాన్: దిగొచ్చా?

కూకట్‌పల్లి సైకిల్:
అందరికీ నమస్కారం. రెండు వారాల్లో స్ప్రింట్ ట్రయాథ్లాన్ ఉంది. 25 మీటర్ల పూల్‌లో 750 మీటర్ల ఈత, తర్వాత 20 కి.మీ. సైకిల్, 5 కి.మీ. పరుగు. మూడు వారాల కిందట పరుగులో కుడి పిక్క పట్టేసింది. నొప్పి లోతుగా, పిక్క కింది భాగంలో ఉంది. టప్పుమని తెగినట్టు అనిపించలేదు, కమిలిన మచ్చ కూడా లేదు. ఇప్పుడు మామూలుగా నడిస్తే ఏమీ తెలియదు, మెట్లు దిగేటప్పుడు మాత్రం లాగుతోంది. పరుగు ఇంకా మొదలుపెట్టలేదు. ఈత ఆగకుండా 400 మీటర్లు వస్తుంది, సైకిల్ గంట తొక్కగలను. దిగొచ్చా? దిగితే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఫిజియో వరంగల్:
లోతుగా, కిందగా ఉండే నొప్పి ఎక్కువగా సోలియస్ అనే, పిక్క లోపలి కండరానిది. గోడకు చేతులు ఆనించి, కుడి కాలి మీద ఒక్కదాని మీదే నిలబడి మడమ ఎత్తండి. ఒకసారి మోకాలు నిటారుగా ఉంచి, ఇంకోసారి కాస్త వంచి. వంచినప్పుడే నొప్పి ఎక్కువైతే సోలియస్ అని అనుకోవచ్చు. నిటారుగా ఉన్నప్పుడు ఎక్కువైతే పైనుండే గ్యాస్ట్రాక్నీమియస్. సోలియస్ గాయం మనల్ని బాగా మోసం చేస్తుంది. నడకలో కనిపించదు, పరుగు మొదటి కిలోమీటరులోనూ ఊరుకుంటుంది, కండరం అలిసేసరికి పట్టేస్తుంది. కాబట్టి నడవగలుగుతున్నారు కదా అని పరుగుకు సిద్ధమైనట్టు కాదు.

ఈ వరుసలో చూసుకోండి. మొదట అరగంట వేగంగా నడవండి. నొప్పి లేకపోతే మరుసటి రోజు ఒంటికాలి మీద, మోకాలు వంచి, మడమ ఎత్తడం. ఎడమ కాలితో 25 వస్తే కుడికాలితో కనీసం 20 రావాలి, అదీ అదే ఎత్తుకు. ఆ తర్వాత కుడికాలి మీద ఉన్నచోటే 20 గెంతులు. ఇవన్నీ దాటితేనే చదునైన నేల మీద ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, పదిసార్లు. తీర్పు చెప్పేది ఆ రోజు కాదు, మర్నాడు పొద్దున. మంచం దిగి వేసే మొదటి అడుగుల్లో పిక్క నిన్నటికంటే బిగుసుకుని ఉంటే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. పోటీకి నాలుగు రోజుల ముందుకల్లా నెమ్మదిగా 20 నిమిషాలు ఆగకుండా పరిగెత్తలేకపోతే ఆ రోజు పరుగు పెట్టుకోవద్దు.

ఒక హెచ్చరిక. పిక్క వాచి, వేడిగా ఉండి, కూర్చున్నా నొప్పి పెడుతుంటే అది కండరం పట్టేయడం కాకపోవచ్చు, సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దూరప్రయాణం తర్వాత అయితే మరీ అనుమానించాలి. అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లి సిరల్లో రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్ సంగతి అడగండి. మసాజ్ మాత్రం చేయించకండి.

ట్రాన్సిషన్ బల్ల:
పరుగు గురించే అందరూ భయపడతారు కానీ మీ పిక్కకు మొదటి దెబ్బ ఈతలోనే తగలొచ్చు. 25 మీటర్ల పూల్‌లో 750 అంటే 30 లెంగ్త్‌లు, 29 మలుపులు. ప్రతి మలుపులోనూ గోడను మునివేళ్లతో గట్టిగా తన్నితే 29 సార్లు గెంతినట్టే. గోడను చేత్తో తాకి తిరిగి, ఎడమకాలితోనే మెల్లగా నెట్టుకోండి. కాళ్లు తక్కువ ఆడించండి, పాదాన్ని బిగించి చాచకండి. చాచి ఉంచితేనే పిక్కలు కొంకర్లు పోతాయి. ఆగకుండా 400 మీటర్లే వస్తుందన్నారు కాబట్టి మొదటి 200 మీకు మరీ నెమ్మది అనిపించేలా ఈదండి. లేన్‌లో చివరగా బయల్దేరండి. అలిస్తే బ్రెస్ట్‌స్ట్రోక్‌కి మారొచ్చు, గోడ పట్టుకుని ఊపిరి తీసుకోవచ్చు.

సైకిల్ సంగతి. క్లీట్ షూ (అడుగున ఉండే క్లీట్ అనే బిళ్లతో పెడల్‌కు బిగుసుకునే బూట్లు) వాడుతుంటే క్లీట్‌లను 3 నుంచి 5 మి.మీ. మడమ వైపు జరపండి. పెడల్ మీద బలం పడే చోటు చీలమండకు దగ్గరవుతుంది, పిక్కకు పని తగ్గుతుంది. పాత స్థానం చుట్టూ పెన్నుతో గీత గీసుకోండి, సీటు రెండు మిల్లీమీటర్లు దించండి. ఇదంతా ఈ వారమే చేయాలి, ముందురోజు రాత్రి కాదు. మామూలు పెడళ్లయితే పాదం మధ్యభాగం ఆనేలా పెట్టి తొక్కితే చాలు. తేలిక గేరులో నిమిషానికి 85–90 తిప్పులు. ఎత్తు వచ్చినా సీటు మీంచి లేవకండి. చివరి కిలోమీటరు ఇంకా తేలిక గేరు, మడమ కిందికి వదులుతూ పిక్కను సాగదీస్తూ రండి. హెల్మెట్ బకిల్ పెట్టాకే సైకిల్ ముట్టుకోవాలి, సైకిల్ స్టాండుకు తగిలించాకే తీయాలి. నొప్పి ధ్యాసలో ఈ చిన్న నియమం మరిచిపోయి పెనాల్టీ తెచ్చుకునేవాళ్లు చాలామంది.

నల్లమల రన్నర్:
పై ఇద్దరూ బాగా చెప్పారు, కానీ నేను ఇంకొంచెం గట్టిగా చెబుతాను. సైకిల్ దిగిన కాళ్లతో పరిగెత్తడం వేరు, తాజా కాళ్లతో పరిగెత్తడం వేరు. 20 నిమిషాల పరీక్ష నెగ్గినా అది తాజా కాళ్లదే. ముందు నిర్వాహకులకు మెయిల్ పెట్టి మూడు అడగండి: రిలేకి మార్చి పరుగు వేరొకరికి ఇవ్వొచ్చా, ఈత–సైకిల్ మాత్రమే ఉండే ఆక్వాబైక్ ఉందా, 400 మీటర్లు–10 కి.మీ.–2.5 కి.మీ. సూపర్ స్ప్రింట్‌కి దిగొచ్చా. దేనికైనా ఒప్పుకుంటే అదే తీసుకోండి. రెండు వారాల్లో కొత్త ఓపిక రాదు, చివరి పది రోజుల్లో గట్టిగా చేసే కసరత్తు అలసటనే మిగులుస్తుంది.

పొద్దున్నే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మింగి దిగకండి. చెమటతో నీరు పోతున్న ఒంట్లో అవి మూత్రపిండాల మీద భారం. పైగా ఆగమని చెప్పే నొప్పినే మూసేస్తాయి.

కూకట్‌పల్లి సైకిల్:
చాలా థాంక్స్ అండీ. మెయిల్ పెట్టాను, జవాబు రావాలి. రిలే కుదరకపోతే 5 కి.మీ. నడిచేయొచ్చా? బూట్లలో మడమ కింద ప్యాడ్ పెడితే ఉపయోగమా?

ఫిజియో వరంగల్:
నడవడం నిబంధనలకు విరుద్ధం కాదు. వేగంగా నడిస్తే 50 నుంచి 55 నిమిషాలు పడుతుంది, కటాఫ్ సమయం (పోటీ ముగించాల్సిన గడువు) చూసుకోండి. పరీక్షలన్నీ నెగ్గి పరిగెత్తేటట్టయితే మొదటి అడుగు నుంచే 2 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక. నొప్పి వచ్చాక నడుద్దాం అనుకుంటే అప్పటికే ఆలస్యం. అడుగులు చిన్నవిగా, దగ్గరదగ్గరగా వేయండి. మడమ ప్యాడ్ 6 నుంచి 8 మి.మీ. చాలు, రెండు బూట్లలోనూ పెట్టండి. ఒక్కదాంట్లో పెడితే నడుము తేడా పడుతుంది. అదీ ముందుగా రెండు మూడు సార్లు వాడి చూశాకే.

పదికి మూడు దాటిన నొప్పి, కుంటు, సూది గుచ్చినట్టు లాగడం. వీటిలో ఏదొచ్చినా పరుగు అక్కడితో సరి. నడిచినా కుంటుతుంటే తప్పుకోవాలి. తప్పుకుంటే దగ్గరున్న వాలంటీర్‌కు చెప్పి మీ సమయం లెక్కించడానికి కాలికి కట్టిన టైమింగ్ చిప్ అప్పగించండి, లేకపోతే మీరు ఎక్కడో పడిపోయారని వెతుకుతారు.

ట్రాన్సిషన్ బల్ల:
తిండి గురించి ఎవరూ అనలేదు. రెండున్నర గంటల ముందు మూడు ఇడ్లీలు, కాస్త చట్నీ, ఒక అరటిపండు. సాంబారు, నూనె వద్దు. లీటరుకు సరిపడే ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపండి, చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. సైకిల్ మీద అందులో సగం చాలు. పూల్ నుంచి సైకిల్ దాకా వట్టికాళ్లతో పరిగెత్తకుండా నడవండి. తడి నేల మీద మునివేళ్లతో ఆపుకునే ఒక్క అడుగు చాలు పిక్క మళ్లీ పట్టేయడానికి.