సోవియట్ యూనియన్‌లో రష్యాకు సొంత కమ్యూనిస్టు పార్టీ ఎందుకు లేదు?

చరిత్ర తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. సోవియట్ యూనియన్‌లో 15 రిపబ్లిక్కులు. ఉక్రెయిన్, జార్జియా, ఉజ్బెకిస్తాన్, చివరికి బుల్లి ఎస్టోనియాకు కూడా సొంత కమ్యూనిస్టు పార్టీ, సొంత సైన్స్ అకాడమీ ఉండేవి. జనాభాలో సగం, భూమిలో మూడొంతులు ఉన్న రష్యాకు మాత్రం ఈ రెండూ లేవు! ప్రభుత్వం, సుప్రీం సోవియట్ (చట్టసభ) ఉన్నాయి గానీ అసలు అధికారం పార్టీదే కదా. ఐక్యరాజ్యసమితిలో కూడా ఉక్రెయిన్, బెలారస్‌లకు 1945 నుంచే విడిగా సీట్లున్నాయి, రష్యా రిపబ్లిక్‌కు లేదు.

మొత్తం యూనియనే రష్యన్ల చేతిలో ఉంది, ఇక వేరే ఎందుకు అని మా సార్ తేల్చేశారు. నాకది సగం జవాబే అనిపిస్తోంది. రష్యాకు విడిగా పార్టీ ఉంటే మాస్కోలోనే రెండో అధికార కేంద్రం పుడుతుందన్న భయం అసలు కారణం కాదా? 1990 జూన్‌లో రష్యా పార్టీ పెట్టారు, అదే నెల రష్యా సార్వభౌమత్వం ప్రకటించింది. 1991 చివరికి యూనియనే లేదు. ఇది కాకతాళీయమంటే నమ్మబుద్ధి కావడం లేదు.

ఈ లోటు మీద మామూలు రష్యన్లకు గుర్రు ఉండేదా, లేక అది నాయకుల గొడవేనా? దీని మీద తెలుగులోగానీ తేలిక ఇంగ్లీషులోగానీ మంచి పుస్తకం ఉంటే పేరు చెప్పండి. మరీ లావు గ్రంథాలు వద్దు, ప్లీజ్.