రెండు గంటలకే కర్ఫ్యూ, అదీ మన జిల్లాకే ఎందుకు?

గోదారి గట్టు (రాజమండ్రి), 2021 జూన్ 21, ఉదయం 7.40

ఈ రోజు నుంచి రాష్ట్రమంతా ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా తిరగొచ్చు. ఒక్క తూర్పు గోదావరికి మాత్రం పాత లెక్కే, మధ్యాహ్నం 2. జూన్ 30 దాకా ఇంతేనట. పాజిటివిటీ రేటు 5 శాతం కిందికి దిగలేదని కారణం చెప్పారు.

మా అమ్మది బజ్జీల బండి. సాయంత్రం నాలుగున్నరకి పొయ్యి వెలిగిస్తే రాత్రి ఎనిమిదిన్నరకి కట్టేస్తాం. మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ మొదలుపెట్టింది మే 5న. ఆ రోజు బండి మీద కప్పిన పట్టా ఇంతవరకు తీయలేదు. నిన్నటికి 47 రోజులు. పొద్దున వ్యాపారం చేసుకునేవాళ్ళకి ఆరు గంటలు ఇచ్చారు, తర్వాత ఎనిమిది చేశారు. మాకు అప్పుడూ సున్నా, ఇప్పుడూ సున్నా.

కరోనా లేదని నేను అనట్లేదు. మా పెదనాన్న ఇరవై రోజులు మంచం మీదున్నాడు. కానీ మధ్యాహ్నం 2 తర్వాతే వైరస్ బయటికి వస్తుందా? పొద్దున తాడితోట బట్టల బజారులో ఇసక వేస్తే రాలనంత జనం ఉంటే దానికి అంటదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కొవ్వూరు కుర్రోడు, ఉదయం 8.05

మేము వంతెనకి ఇవతల ఉన్నాం, పశ్చిమ గోదావరి. మాకు 6 దాకా. మీ వైరస్ టోల్ గేటు దగ్గరే ఆగిపోతుంది అన్నా, దిగులు పడకు.

షట్టర్ (మండపేట), ఉదయం 9.20

నాది కిరాణా కొట్టు. ఉన్నది ఉన్నట్టు చెప్తా. నాకు 2 గంటల రూలు వల్ల పైసా నష్టం లేదు. బియ్యం, పప్పు, నూనె జనం ఎప్పుడో ఒకప్పుడు కొనాల్సిందే. మధ్యాహ్నం షట్టర్ దించేసి అన్నం తిని పడుకుంటున్నా. పాతికేళ్ళ వ్యాపారంలో ఈ సుఖం ఎరగను.

కానీ మే నెలలో 12కే కట్టెయ్యమన్నప్పుడు చూశాను. పదకొండున్నర అయ్యేసరికి కౌంటర్ ముందు ఒకరి మీద ఒకరు. దూరంగా నిలబడండి బాబూ అని సున్నం గీతలు గీస్తే ఆ గీతల్ని తొక్కుకుంటూ వచ్చారు. 2 దాకా పెంచాక ఆ రద్దీ సగం తగ్గింది. గంటలు తగ్గిస్తే జనం తగ్గరు, దగ్గర దగ్గరగా చేరతారు. నేను కళ్ళారా చూసింది ఇదీ.

ఇంకోటి. తమ్ముడూ, మిగతా జిల్లాల్లో 6 అన్నారు గానీ దుకాణాలు 5కే కట్టెయ్యాలి. ఆ చివరి గంట ఇల్లు చేరడానికి. రేపు మనకి 6 ఇచ్చినా మీ బండికి దక్కేది అరగంట. అది చూసుకున్నావా?

గోదారి గట్టు, ఉదయం 9.48

చూసుకోలేదు బాబాయ్ గారూ.

మూడింటికే వెలిగించాలి అయితే. జూన్ ఎండలో మూడింటికి బజ్జీలు ఎవరు తింటారో దేవుడికి తెలియాలి.

కూకట్‌పల్లి కాపురం (హైదరాబాద్, మాది అమలాపురం), ఉదయం 10.15

ఇక్కడ నిన్నటి నుంచి లాక్‌డౌన్ మొత్తం ఎత్తేశారు. మే 12న పెట్టినప్పుడు పొద్దున 6 నుంచి 10 దాకా నాలుగు గంటలే ఇచ్చారు. నెల తర్వాత ఇప్పుడు అడ్డే లేదు. నిన్న ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కున్నా, నిజం చెప్పొద్దూ, సంతోషం వేసింది. అక్కడ మా అమ్మానాన్నలు మాత్రం 2కే లోపల. పోనీలెండి, వాళ్ళకి అదే మంచిది.

నిక్కచ్చి, ఉదయం 10.30

రోజూ బులెటిన్‌లో కేసుల్లో మన జిల్లాయే ఫస్టు. సిగ్గుండాలి. బజ్జీలు తినకపోతే ఎవరూ చావరు. నోరు కట్టుకుని ఇంట్లో కూర్చోండి.

గోదారి గట్టు, ఉదయం 10.41

తినేవాళ్ళు చావరండి. అమ్మేవాళ్ళ సంగతే అడుగుతున్నా.

అంబాజీపేట కొబ్బరి, ఉదయం 11.10

కేసుల్లో ఫస్టు కాక ఏమవుద్దండి? రాష్ట్రంలో ఎక్కువ జనాభా ఉన్న జిల్లా మనదే. 2011 లెక్కల్లోనే 51 లక్షల పైన. విజయనగరం 23 లక్షలు. రెండు విజయనగరాలు మనలో పట్టేసి ఇంకా చోటు మిగులుద్ది. తలల్లెక్క చూసి శిక్ష వేస్తే ఎలా?

లెక్కల మాస్టారు (రామచంద్రపురం), మధ్యాహ్నం 12.25

కొబ్బరి గారూ, మీరు చెప్పిన జనాభా సంగతి నిజమే, కానీ ఇక్కడ వర్తించదు. ఈ నిర్ణయం కేసుల సంఖ్య మీద తీసుకున్నది కాదు, రేటు మీద. రేటుకి జనాభాతో పని లేదు.

అయితే ఆ రేటు ఏమిటో కూడా తెలుసుకోవాలి. పాజిటివిటీ 6 అంటే జిల్లాలో నూటికి ఆరుగురికి జబ్బుందని కాదు. నూరు పరీక్షలు చేస్తే ఆరు పాజిటివ్ తేలాయని. కాబట్టి ఎవరికి పరీక్ష చేశారన్న దాన్ని బట్టి ఇది మారిపోతుంది. జ్వరం, దగ్గు ఉన్నవాళ్ళకే చేస్తే పెరుగుతుంది. బస్టాండులో దొరికినవాళ్ళందరికీ చేస్తే తగ్గుతుంది. జబ్బు అంతే ఉంటుంది, అంకె మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పోయిన ఏడాది మేలో 5 శాతం అన్నది కూడా, తగినన్ని పరీక్షలు చేస్తూ కనీసం రెండు వారాలు ఆ లోపు ఉంటే అన్న షరతుతోనే. మనవాళ్ళు 5 పట్టుకున్నారు, షరతు ఎవరూ ఎత్తట్లేదు.

ఇంకో చిక్కు ఉంది. ఈ రోజు తేలే కేసు ఈ రోజు అంటుకున్నది కాదు. అంటుకుని, లక్షణాలు బయటపడి, పరీక్షకి వెళ్ళి, ఫలితం వచ్చేసరికి వారం పది రోజులు. ఇవాళ మిగతా జిల్లాల్లో చేసిన సడలింపు మంచిదో చెడ్డదో జూలై మొదటి వారానికి గానీ తెలియదు. మనల్ని ఆపడం పనిచేసిందో లేదో కూడా అప్పటికి గానీ తెలియదు. 30వ తారీఖున దేన్ని చూసి నిర్ణయం తీసుకుంటారు? వారం కిందటి గోదారిని చూసి ఇవాళ పడవ నడిపినట్టు ఉంటుంది.

నా మట్టుకు నేను 2 గంటల రూలుకి వ్యతిరేకం కాదు. జిల్లా మొత్తాన్ని ఒకే గాటన కట్టడానికి వ్యతిరేకం.

ఏజెన్సీ గాలి (ఎటపాక), మధ్యాహ్నం 1.15

మాస్టారు మా మాట చెప్పారు. మేమూ తూర్పు గోదావరేనండీ, గుర్తుందా? 2014లో ఖమ్మం నుంచి తెచ్చి ఇందులో కలిపారు. కాకినాడ కలెక్టరేట్‌కి వెళ్ళాలంటే మాకు ఒక పూట ప్రయాణం. భద్రాచలం మాత్రం నడిచి వెళ్తాం. అక్కడ నిన్నటి నుంచి ఏ ఆంక్షా లేదు. నేను 2 గంటలకి కొట్టు మూసేస్తే నా ఖాతాదారు అదే సైకిలు మీద భద్రాచలం వెళ్ళి సరుకు తెచ్చుకుంటాడు. ఎక్కడో కోనసీమలో పాజిటివిటీ పెరిగితే ఇక్కడ మా తలుపులకి తాళం. వాలంటీర్లు ఇంటింటికీ తిరిగి ఫీవర్ సర్వే చేస్తూనే ఉన్నారుగా, ఆ లెక్క మండలాల వారీగా ఉండదా?

పీహెచ్‌సీ సిస్టర్, రాత్రి 9.50

పొద్దుటి నుంచి డ్యూటీలో ఉన్నాను, ఇప్పుడే అన్నీ చదివాను. నిన్న ఒక్కరోజే రాష్ట్రంలో 13 లక్షలకు పైగా డోసులు వేశాం. చేతులు ఇంకా నొప్పిగా ఉన్నాయి. ఐదేళ్ళ లోపు పిల్లలున్న తల్లులకి కూడా వేస్తున్నాం, వేయించుకోనివాళ్ళు ఉంటే సచివాలయానికి రండి. ముందు ఇది చెప్పాలనిపించింది.

నేను 2 గంటలే ఉండాలంటాను. ఎందుకో చెప్తాను. మే రెండో వారంలో మా ఊళ్ళో ఒక పెద్దాయనకి ఆక్సిజన్ 84 ఉంది. రాత్రంతా మంచం కోసం ఫోన్లు చేశాం. తెల్లారేసరికి 76. దొరికింది పదకొండింటికి. ఆయన బతికారు. ఆ వారమే పక్క వీధిలో ఇంకొకాయనకి దొరికేసరికి ఆలస్యమైంది. రోజుకి మూడు వేల పైన కేసులు వచ్చిన రోజులవి. ఇప్పుడు తగ్గాయని మీరు అంటుంటే నాకు ఆ ఫోన్లే గుర్తొస్తాయి.

అయితే బండివాళ్ళ వల్ల కేసులు పెరిగాయని నేను చెప్పను. నేను రాసుకున్న కాంటాక్టు లిస్టుల్లో ఎక్కువగా కనపడింది పెళ్ళిళ్ళు, దినం భోజనాలు. ఒక పెద్దకర్మకి వెళ్ళినవాళ్ళలో తొమ్మిది మందికి వచ్చింది. తలుపులు బిడాయించి, ఫ్యాన్లు తిప్పుతూ, మాస్కులు తీసి పక్కపక్కన కూర్చుని తిన్నారు. బయట గాలిలో నిలబడి పొట్లం కట్టించుకుని వెళ్ళిపోతే దానికంటే ముప్పు చాలా తక్కువ. కానీ బాబూ, పెళ్ళివాళ్ళు మామిడాకులు కట్టేశాక, వంటవాళ్ళు వచ్చేశాక, ఎస్సై గారు కూడా లోపలికి వెళ్ళడానికి మొహమాట పడతారు. రోడ్డు మీద 2 గంటలకి లాఠీ పట్టుకుని నిలబడటం తేలిక. తేలికైన చోట రూలు గట్టిగా ఉంటుంది. మాకూ తెలుసు.

నిక్కచ్చి, రాత్రి 10.10

సిస్టర్ గారికి దండాలు. నేను పొద్దున అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ రూలు రూలే.

అంబాజీపేట కొబ్బరి, రాత్రి 10.25

జ్యేష్ఠంలో ముహూర్తాలున్నాయి సిస్టర్ గారూ, ఆగమంటే ఆగరు. ఆషాఢం వస్తే గానీ మన జిల్లా పాజిటివిటీ దిగదు. పంచాంగం చూసి కర్ఫ్యూ పెట్టాల్సింది!

షట్టర్, జూన్ 22, ఉదయం 6.30

నవ్వులాటకి అన్నా అందులో నిజముంది.

తమ్ముడూ, చిరు వ్యాపారులకి వడ్డీ లేకుండా పది వేలు అప్పు ఇస్తున్నారు కదా, జగనన్న తోడు. ఈ నెల 8న కూడా డబ్బులు వేశారు. అమ్మగారికి వచ్చిందా?

గోదారి గట్టు, జూన్ 22, ఉదయం 8.00

పోయినసారి వచ్చింది బాబాయ్ గారూ. దాంతోనే కొత్త బాణలి, సిలిండరు కొన్నాం. ఆ వాయిదాలే రెండు ఆగిపోయాయి. బండి తిరక్కుండా ఇంకో అప్పు తెచ్చి ఏం చెయ్యాలి? నాకు అప్పు వద్దు, సాయంత్రం కావాలి. కూర్చోబెట్టకుండా, ప్లేట్లు లేకుండా, పార్సిల్ మాత్రమే అంటే మాకు అభ్యంతరం లేదు. హోటళ్ళు పార్సిల్ ఇవ్వడం లేదా? చక్రాలున్న బండికి ఆ రూలు ఎందుకు పనికిరాదు?

లెక్కల మాస్టారు, జూన్ 22, ఉదయం 8.40

అసలు అడగాల్సింది ఇది. మనం నిన్నంతా గడియారం గురించి కొట్టుకున్నాం. వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా ఇవ్వు నాయనా. నీతో పాటు మీ వీధిలో సాయంత్రం బండ్లవాళ్ళందరి సంతకాలూ పెట్టించు. ఒక్కడివే వెళ్తే అర్జీ అంటారు, పదిమంది వెళ్తే సమస్య అంటారు.

కొవ్వూరు కుర్రోడు, జూన్ 22, ఉదయం 9.15

పదిమంది వెళ్తే 144 సెక్షన్ అంటారు మాస్టారూ. నలుగుర్నే తీసుకెళ్ళన్నా.

గోదారి గట్టు, జూన్ 25, రాత్రి 9.30

నలుగురమే వెళ్ళాం. పదకొండు సంతకాలు. కాగితం తీసుకున్నారు, పైకి పంపుతామన్నారు.

ఈలోగా అమ్మ ఊరుకోలేక మొన్నటి నుంచి పొద్దున ఇడ్లీ, అట్టు మొదలుపెట్టింది. మా సందులో ఇదివరకే మూడు టిఫిన్ బండ్లున్నాయి. పక్కబండి అక్క మొదటి రోజు పలకరించలేదు. రెండో రోజు, నీకు బజ్జీలున్నాయిగా వదినా, నా నోటి దగ్గరది లాక్కుంటావా అంది. అమ్మ మూడో రోజు బండి తీయలేదు. ఎవరిది తప్పు అని నన్ను అడగొద్దు.

పీహెచ్‌సీ సిస్టర్, జూన్ 26, ఉదయం 6.10

అయ్యో. అమ్మకి టీకా అయిందా? బండి మళ్ళీ తీసేలోపు వేయించు.

గోదారి గట్టు, జూన్ 26, ఉదయం 7.00

మొదటి డోసు అయింది మేడమ్.

ఏజెన్సీ గాలి, జూన్ 28, సాయంత్రం 5.40

చూశారా, కొత్త ఆర్డరు వచ్చింది. జూలై 1 నుంచి ఎనిమిది జిల్లాలకి రాత్రి 9 దాకా. మనకి 6. ఈసారి మనతో పాటు పశ్చిమ, కృష్ణా, ప్రకాశం, చిత్తూరు కూడా. ఎటపాకకీ కాకినాడకీ మళ్ళీ ఒకటే గంట.

కొవ్వూరు కుర్రోడు, జూన్ 28, సాయంత్రం 6.05

పోయిన వారం నవ్వినందుకు నాకు తగిలింది. వాళ్ళు 9కి వెళ్తే మేం మీతో పాటు 6 దగ్గరే.

షట్టర్, జూన్ 28, రాత్రి 8.15

తమ్ముడూ, మూడింటికి వెలిగిస్తానన్నావుగా. మూడు బస్తాల శనగపిండి నెలన్నర నుంచి కొట్లో అలాగే ఉంది, బండ్లవాళ్ళు కొంటేగా. పురుగు పట్టకముందే ఒకటి పంపనా? డబ్బులు అమ్మాక చూద్దాం.

గోదారి గట్టు, జూన్ 28, రాత్రి 8.32

బస్తా వద్దు బాబాయ్ గారూ, మూడు గంటల గిరాకీ ఎలా ఉంటుందో తెలియదు. ఐదు కిలోలు చాలు. ఆలస్యమైనా సరే, జల్లించి పంపండి.